ఎకరాకి ఎన్ని బస్తాలు, నిమిషానికి ఎన్ని పాయింట్లు

[బంతి చప్పుడు, దూరంగా పిల్లల కేకలు]

హోస్ట్: నమస్కారం అండి. ఈ వారం ఎపిసోడ్ గదిలో కూర్చుని రికార్డు చేయడం లేదు. అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో, కాలవగట్టు పక్కనున్న హైస్కూలు బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర కూర్చున్నాం. నా ఎదురుగా మా పీఈటీ మాస్టారు. ఎనిమిదో తరగతిలో నాకు లేఅప్, అంటే బుట్ట దాకా పరిగెత్తి బంతి వేయడం, నేర్పింది ఈయనే. మాస్టారూ, ముందు ఆ ఒళ్ళో ఉన్న పుస్తకం ఏంటో చెప్పండి.

మాస్టారు: ఇది నిమిషాల పుస్తకం అమ్మా. మ్యాచ్ స్కోరుషీటు చూశావుగా, అందులో ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారో, ఎన్ని ఫౌల్స్ చేశారో ఉంటుంది. సబ్‌స్టిట్యూట్‌గా దిగితే పేరు పక్కన ఒక ఇంటూ మార్కు పడుతుంది. ఎంతసేపు ఆడారో మాత్రం ఎక్కడా ఉండదు. అందుకని బెంచీ మీద ఉన్న పిల్లల్లో ఒకరికి నా వాచీ ఇచ్చి ఇందులో రాయిస్తాను. ఇదిగో, ఈ లైను చదువు.

హోస్ట్: "రెండో క్వార్టర్. 7:40 లోపలికి, 3:15 బయటికి." ఇది క్వార్టర్‌లో మిగిలిన టైము కదా, అంటే... నాలుగు నిమిషాల ఇరవై అయిదు సెకన్లు ఆడింది. సెకన్లతో సహా రాయిస్తున్నారా! మొత్తం పాయింట్లు చూస్తే ఎవరు బాగా ఆడారో తెలిసిపోదాండి?

మాస్టారు: మీ నాన్నగారు వ్యవసాయం చేస్తారు కదా. ఎవరైనా వచ్చి నాకు మూడొందల బస్తాలు పండాయి అంటే ఆయన మొదట ఏమడుగుతారు?

హోస్ట్: ఎన్నెకరాలు అని అడుగుతారు.

మాస్టారు: అదీ! పదెకరాల ఆసామికి మూడొందలు, రెండెకరాల రైతుకి డెబ్బై. ఎవరి చేను బాగా పండినట్టు? రెండెకరాల ఆయనదే. ఇది మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. అదే పిల్లల ఆట దగ్గరికొచ్చేసరికి ఎకరాలు అడగడం మర్చిపోతాం. ఒక పిల్ల 14 పాయింట్లు కొట్టింది, ఇంకో పిల్ల 8 కొట్టింది అనుకో. లిస్టులో 14 పైన, 8 కింద. మొదటి పిల్ల 32 నిమిషాలు ఆడింది, రెండో పిల్లని 12 నిమిషాలే ఆడనిచ్చారు. అదే జోరున 40 నిమిషాలూ ఆడితే ఎన్నో కట్టి చూడు. మొదటి పిల్లకి పదిహేడున్నర, రెండో పిల్లకి ఇరవై ఆరు దాటుతుంది.

హోస్ట్: అమెరికా పెద్ద లీగు ఎన్‌బీఏ వాళ్ళు 36 నిమిషాలకి కడతారు కదా, మీరు 40 అంటున్నారేంటి?

మాస్టారు: వాళ్ళ ఆట 48 నిమిషాలు. మెయిన్ ఆటగాళ్ళు ఇంచుమించు 36 ఆడతారు కాబట్టి ఆ అంకె అలవాటైంది. మనం ఆడేది ఫీబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య రూల్స్‌తో, పదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఏ అంకెతో గుణించినా పిల్లల వరస మారదు. నిమిషాలతో భాగించడమే అసలు పని.

హోస్ట్: పెద్ద ఆటలో ఈ లెక్క నిజంగా ఎవరినైనా ముందే పట్టిచ్చిందాండి?

మాస్టారు: ఎన్‌బీఏలో 2015-16 సీజన్ తీసుకో. ఇద్దరు కొత్త కుర్రాళ్ళు, ఇద్దరూ సెంటర్లే, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరులు. మిన్నెసోటా జట్టుకి కార్ల్-ఆంథొనీ టౌన్స్, డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్తవాళ్ళని వరసగా ఎంచుకునే చోట, మొదటి పేరు, ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు కూడా. మ్యాచ్‌కి 18.3 పాయింట్లు, 10.5 రీబౌండ్లు, అంటే గురి తప్పిన షాటు బంతిని అందుకోవడం. డెన్వర్ జట్టుకి నికోలా యోకిచ్. అతన్ని 2014 డ్రాఫ్ట్‌లో 41వ పేరుగా తీసుకున్నారు. మ్యాచ్‌కి 10 పాయింట్లు, 7 రీబౌండ్లు. పైపైన చూస్తే పోలికే లేదు.

హోస్ట్: నిమిషాలు?

మాస్టారు: టౌన్స్ 32, యోకిచ్ 21.7. 36కి కట్టు. టౌన్స్ రీబౌండ్లు 11.8, యోకిచ్‌వి 11.6. మ్యాచ్‌కి మూడున్నర ఉన్న తేడా మాయమైంది. పాయింట్లలో టౌన్సే ముందు, 20.6కి 16.6. ఇక అసిస్టులు, అంటే పక్కవాడి చేత పాయింట్లు కొట్టించిన పాస్‌లు చూడు, టౌన్స్ రెండుంపావు, యోకిచ్ దాదాపు నాలుగు! ఆ వయసు సెంటర్‌కి అంత పాసింగా అని అప్పుడే ఆగి చూడాల్సింది. తర్వాత అతను మూడుసార్లు ఎంవీపీ, అంటే సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు అయ్యాడు, అదీ ముఖ్యంగా ఆ పాసింగ్ వల్లే.

హోస్ట్: మీరు ఈ పుస్తకం ఎప్పుడు మొదలుపెట్టారండి? నేను చదివేటప్పుడు లేదు.

మాస్టారు: లేదు. నువ్వెళ్ళాక ఒక పిల్ల వచ్చింది. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. సన్నగా ఉండేది, బంతి ఎక్కడ పడబోతోందో అందరికన్నా ఒక అడుగు ముందే అక్కడ ఉండేది. నేను ఆ పిల్లని క్వార్టర్ చివర్లో రెండు నిమిషాలు, మూడు నిమిషాలు దింపేవాణ్ణి. జిల్లా సెలక్షన్‌కి పేర్లు పంపమన్నారు. మొత్తం పాయింట్లు కూడి, పై నుంచి వరసగా రాసి పంపేశాను. ఆ పిల్ల పేరు లేదు. నన్ను ఏమీ అడగలేదు. షూస్ మాత్రం పేపర్లో చుట్టి స్టోరు రూములో పెట్టి వెళ్ళింది, అవి స్కూలు షూసు. తర్వాత ప్రాక్టీసుకి రాలేదు.

హోస్ట్: ...

మాస్టారు: ఆ ఎండాకాలం సెలవుల్లో పాత స్కోరుషీట్లు ముందేసుకుని కూర్చున్నాను. నిమిషాలు ఎక్కడా లేవుగా, గుర్తున్నంత వరకు వేసుకుని భాగించాను. ఎటు చూసినా ఆ పిల్ల మొదటి ముగ్గురిలో ఉంది. నిమిషాలు ఇవ్వనిది నేను, పాయింట్లు తక్కువన్నదీ నేనే. ఆ బాధ ఇప్పటికీ పోలేదమ్మా. జూన్‌లో స్కూలు తెరిచిన రోజే ఈ అట్ట పుస్తకం కొన్నాను.

హోస్ట్: అయితే మాస్టారూ, ఆరు నిమిషాలు ఆడిన పిల్లని 40కి లాగితే గాల్లో మేడ కట్టినట్టు కాదా?

మాస్టారు: అవుతుంది, మంచి మాట అడిగావు. ఆరు నిమిషాలే ఆడిన పిల్లకి ఒక్క త్రీ పాయింటర్, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాటు, ఎక్కువ పడితే 40 నిమిషాల లెక్కలో 20 పాయింట్లు పెరిగిపోతాయి. అదే 200 నిమిషాలు ఆడిన పిల్లకైతే ఆ ఒక్క షాటు వల్ల అర పాయింటు పైచిలుకు కదులుతుంది, అంతే. నేను వంద నిమిషాలు దాటకుండా ఎవరి లెక్కా తేల్చను. అప్పటిదాకా పెన్సిల్‌తోనే రాస్తాను.

ఇంకోటి ఉంది. దిగుబడి లెక్క కట్టడానికి అధికారులు పంట కోత ప్రయోగానికి వచ్చినప్పుడు చూశావా? అయిదు మీటర్ల చదరం కొలిచి కోస్తారు, ఎక్కడ కోయాలన్నది ర్యాండమ్ నంబరు చెబుతుంది. రైతు బాగా పండిన మూల చూపిస్తే ఒప్పుకోరు. పిల్లల నిమిషాలు అలా ర్యాండమ్‌గా రావు. ఇరవై పాయింట్ల ఆధిక్యం వచ్చాక బెంచీ మీది వాళ్ళని దింపుతాం. ఎదుటి జట్టు కూడా చిన్నపిల్లల్నే దింపుతుంది. ఆ పాయింట్లూ, మొదటి క్వార్టర్ పాయింట్లూ ఒకటి కావు. అందుకే దిగినప్పటి స్కోరు కూడా పక్కనే రాయిస్తున్నాను.

హోస్ట్: పెద్ద లీగులో అలాంటి వాళ్ళు ఉన్నారా?

మాస్టారు: అదే 2015-16లో శాన్ ఆంటోనియో జట్టుకి బోబన్ మర్యానోవిచ్ అని ఏడడుగుల పైన మనిషి. తొమ్మిదిన్నర నిమిషాల్లో అయిదున్నర పాయింట్లు. 36కి కడితే 21, అంటే టౌన్స్ కన్నా ఎక్కువ! కానీ అతనికి ఎప్పుడూ పెద్దగా నిమిషాలు దొరకలేదు. కోర్టు అంతా పరిగెత్తే చురుకైన ఆటగాళ్ళని కాచుకోవడం ఆ శరీరానికి కష్టం. ఫౌల్స్ కూడా చూడాలి. ఆరు నిమిషాల్లో రెండు ఫౌల్స్ చేసే పిల్ల అదే జోరులో ఆడితే పదిహేనో నిమిషంలో అయిదో ఫౌల్ పడి బయటికొచ్చేస్తుంది. ఇంక 40 నిమిషాల మాటెక్కడిది?

హోస్ట్: నిమిషాల లెక్కలో కూడా కనపడకుండా పోయిన వాళ్ళు?

మాస్టారు: యానిస్ అడెటోకుంబో. మొదటి సీజన్ 2013-14లో 24.6 నిమిషాలకి 6.8 పాయింట్లు, 36కి కట్టినా పదే. తర్వాత రెండుసార్లు ఎంవీపీ. అప్పటికి పంతొమ్మిదేళ్ళవాడు, ఒళ్ళింకా గట్టిపడలేదు. వానాకాలం సార్వా దిగుబడి పక్కన రెండో పంట దాళ్వా దిగుబడి పెట్టి పోల్చం కదా, పద్నాలుగేళ్ళ పిల్లనీ పదహారేళ్ళ పిల్లనీ ఒకే వరసలో పెట్టకూడదు. అందుకని ఇందులో పుట్టిన నెలకి కూడా ఒక గడి ఉంది.

హోస్ట్: మరి సెలక్షన్‌కి ఇప్పుడు ఏం పంపుతున్నారు?

మాస్టారు: వాళ్ళడిగిన లిస్టు వాళ్ళకి పంపుతాను. దాని వెనక ఇంకో కాగితం పిన్ను కొడతాను. నిమిషాలు, 40కి పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, ఫౌల్స్. ఒక్కోసారి ఫోన్ చేసి ఇదేంటి మాస్టారూ అని అడుగుతారు. చెప్తాను. అడగకపోతే నేనే బండేసుకుని వెళ్ళి చెప్తాను.

హోస్ట్: ఈ పేజీలో పెన్సిల్ రాతే ఎక్కువ ఉంది. ఈ పాప ఎవరండి, 91 నిమిషాలు?

మాస్టారు: అదిగో, ఆ చివర నీలం టీషర్టు. ఈ ఆదివారం అంబాజీపేట వాళ్ళతో మ్యాచ్ ఉంది. మొదటి క్వార్టర్ నుంచే ఆడిస్తున్నాను. ఏమ్మా, వాచీ ఎవరి దగ్గరుంది? ఇటు తీసుకురండి, టైమయింది!

[విజిల్]