వలయంలో మొక్కు

శ్రోతలకు నమస్కారం.

వానలు మొహం చాటేసిన ఏడాది గంగమ్మ తల్లిని వేడుకుంటూ మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తప్పెటగుళ్ళు ఆడతారు. యాదవ కుటుంబాల మగవాళ్ళు పదిహేను, ఇరవై మంది వలయం కడతారు. రేకుతో చేసిన గుండ్రటి తప్పెట ఒక్కొక్కరి గుండెమీద ఉంటుంది. కాళ్ళకు గజ్జెలు. గురువు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు.

అంతా కట్టుకోవడంలోనే ఉంది. తప్పెట తాడు వదులైతే ఎగిరినప్పుడల్లా వాద్యం ఊగిపోయి దెబ్బ తప్పుతుంది. గజ్జెల కింద గుడ్డ చుట్టకపోతే చీలమండ ఒరుసుకుపోతుంది. ఆ నొప్పికి అడుగు తేలిపోతుంది, గజ్జె సరిగా పలకదు. చేతి దెబ్బ, కాలి గజ్జె, నోటి పాట మూడూ ఒక్కచోట పడాలి. పాట నెమ్మదిగా మొదలై ఉరకలెత్తుతుంది. ఒకరి భుజాలమీద ఒకరు నిలబడే విన్యాసాలు ఆ తర్వాతే. సభల్లో పది నిమిషాలిచ్చి, ముందు భాగం కోసేసి, సరాసరి విన్యాసాలు అడుగుతున్నారు. అది తప్పు. ఒళ్ళు వేడెక్కకుండా భుజాలెక్కితే పడతారు. పైగా మొక్కంతా ఉన్నది ఆ నెమ్మది పాటలోనే!

టర్కీలోని కొన్యా ఊరు మెవ్లెవీ అనే సూఫీ శాఖకు పేరుపడ్డ చోటు. వాళ్ళు గిరగిరా తిరుగుతూ చేసే ప్రార్థన పేరు సెమా. అందులోనూ తొందర పనికిరాదు. ముందు నల్లటి పైవస్త్రం తీసేస్తారు, అది సమాధికి గుర్తు. లోపలి తెల్లటి దుస్తులు కఫన్, అంటే శవానికి చుట్టే గుడ్డ; పొడవాటి టోపీ సమాధి రాయి. కుడి అరచెయ్యి ఆకాశానికి, ఎడమది నేలకు: పైనుంచి అందుకున్నది కిందికి ఇవ్వాలి. ఎడమ పాదం ఇరుసు, కుడి పాదం తోస్తుంది, తిరగడం ఎడమవైపుకే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చెక్క పలకలో దిగ్గొట్టిన మేకును ఎడమకాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించుకుని సాధన చేస్తారు. ఆ పాదం జరిగితే ఇరుసు పోయినట్టే. సెమాలో ఇలా తిరగడం నాలుగు విడతలు.

కేరళలో దేవుడి వేషం కట్టి ఆడే తెయ్యంలోనూ అంతే. వేషం పూర్తయ్యాక ఆడే మనిషికి అద్దం చూపిస్తారు. అందులో తన ముఖం చూసుకున్న క్షణం నుంచి అతను దైవం, జనం తమ కష్టాలు అతనికే చెప్పుకుంటారు.

పండగలు జరిపించే పెద్దలకు ఒక్క మనవి. తప్పెటగుళ్ళవాళ్ళను వేదికమీద జనానికి ఎదురుగా వరసలో నిలబెట్టకండి. వలయం విప్పితే ఒకరి అడుగు ఇంకొకరికి కనబడదు, తాళం చెదురుతుంది. నేలమీద రాళ్ళూ గాజుముక్కలూ ఏరించి, చుట్టూ జనం నిలబడేంత చోటు వదలండి. కనీసం ముప్పావు గంట ఇవ్వండి.