బూట్లు, తలుపు, ఒక సంతకం

శ్రోతలకు నమస్కారం. బూట్లు విప్పనన్న ఒక ప్లీడరు గారి కథ చెబుతాను.

పుదుచ్చేరి, 1873వ సంవత్సరం. అప్పుడది ఫ్రాన్సు ఏలుబడిలో ఉంది, మన యానాం లాగే. పొన్నుతంబి పిళ్లై గారు సీమబూట్లు తొడుక్కుని కోర్టులోకి అడుగుపెట్టారు. స్థానికులు అలా రాకూడదన్నారు జడ్జి. ఈయన విప్పలేదు, ఆయన వాదించనివ్వలేదు. పిళ్లైగారు ఊరుకున్నారా? పారిస్‌లోని పై కోర్టు దాకా వెళ్లి గెలిచారు!

చిత్రమేమిటంటే, పారిస్ పార్లమెంటుకు ప్రతినిధిని పంపేందుకు 1871 నుంచే ఇక్కడి మగవాళ్లకు ఓటుంది. ఓటుంది, బూట్లు లేవు.

1881లో ఫ్రెంచి ప్రభుత్వం నుంచి ఒక డిక్రీ, అంటే ఆజ్ఞ, వచ్చింది. మా కులమతాచారాల చట్టం మాకొద్దు, ఫ్రెంచి సివిల్ కోడే చాలు అని రాసిస్తే ఆ కోడే వర్తిస్తుంది. ఒకసారి రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు. తండ్రి సంతకం పెడితే భార్యకూ, మైనరు పిల్లలకూ అదే. ఇంటిపేరు కూడా పెట్టుకోవాలి. తమిళులకు మనలా ఇంటిపేర్ల ఆనవాయితీ లేదు కదా! పిళ్లైగారు 'లాపోర్త్' అని పెట్టుకున్నారు. ఫ్రెంచిలో తలుపు అని అర్థం. బూట్లతో లోపలికి రావద్దనిపించుకున్న మనిషి తలుపునే ఇంటిపేరు చేసుకున్నాడు. నాకు ఈ కథలో నచ్చింది ఇదే.

మరి సమానులయ్యారా? 1884లో ఓటర్లను మూడు జాబితాలు చేశారు: యూరోపియన్లు ఒకటి, ఇలా రాసిచ్చినవాళ్లు ఒకటి, మిగతావాళ్లు ఒకటి. కాగితం మీద ఒకే దేశం, జాబితాలు మాత్రం మూడు. నాకిది మింగుడుపడదు.

ఇక యానాం. 1954లో పాలన మన చేతికొచ్చినా, ఈ ప్రాంతాలను భారత్‌కు అప్పగిస్తూ ఫ్రాన్సు చేసుకున్న ఒప్పందం చట్టబద్ధంగా అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. అక్కడే పుట్టి అక్కడే కాపురమున్న ఫ్రెంచి పౌరులు ఆ రోజు నుంచి భారతీయులే. కాదు, ఫ్రెంచివాళ్లుగానే ఉంటామంటే ఆరు నెలల్లో రాసివ్వాలి. మళ్లీ తండ్రి సంతకమే! పద్దెనిమిదేళ్లు నిండని, పెళ్లికాని పిల్లల పౌరసత్వం ఆయన ఎంపికను బట్టే.

అందుకని యానాం మూలాలున్నవారికి ఒక్క మాట. తాతగారి ట్రంకుపెట్టె తెరిస్తే మూడు చూడండి: ఆయన ఎక్కడ పుట్టారు, 1962 ఆగస్టు 16న ఎక్కడ ఉన్నారు, ఆ ఆరు నెలల్లో ఏమైనా రాసిచ్చారా. ఫ్రెంచి కాగితం అర్థం కాకపోయినా పారేయకండి, తేదీ చదవడానికి ఫ్రెంచి రానక్కర్లేదు.