పెన్నా, గుండ్లకమ్మ, మధ్యలో నయమాను

సునీత: మన పాడ్‌కాస్టు వినేవాళ్లందరికీ వందనాలు. మైకు ఈసారి కూడా టిఫిన్ క్యారియర్ మీదే పెట్టాం. ఎవరూ అడగొద్దు.

డేవిడ్: ఎందుకని అసలే అడగొద్దు.

సునీత: సరే, ఇవాళ్టి సంగతి. కావలి నుంచి ఒక చెల్లెలు వాయిస్ మెసేజ్ పెట్టింది. యాకోబు పత్రిక నాలుగో అధ్యాయంలో దేవుడు అహంకారులను ఎదిరిస్తాడు, దీనులకు కృప ఇస్తాడు అని ఉంది కదా. "నేను మూడేళ్లుగా అందరి దగ్గరా తగ్గే ఉంటున్నా అక్కా. అత్తగారింట్లో, ఆఫీసులో, చర్చిలో. ఆ కృప ఎప్పుడొస్తుంది?" అని అడుగుతోంది. దీని కోసం ఫిలిప్పీ రెండో అధ్యాయం మీద రెండు పేజీల నోట్సు రాసుకొచ్చా.

డేవిడ్: మంచి ప్రశ్న. దానికి ముందు నాదొకటి...

సునీత: మళ్లీ ఆ ఫ్లెక్సీ గోలేనా.

డేవిడ్: ఫ్లెక్సీయే! మొన్న మా వైపు మూడు రోజుల సభలు. సెంటర్లో పన్నెండు అడుగుల ఫ్లెక్సీ. పైన 'దేవుని దాసుడు' అని రాశారు. కింద ఆయన బొమ్మ, చెయ్యెత్తి. మూలన చిన్న సిలువ, వెతుక్కోవాలి. దాసుడికి పన్నెండు అడుగులు ఎందుకక్కా?

సునీత: ఇంకా రెండు నిమిషాలు కాలేదు. ఈయన ఫ్లెక్సీ ఎన్నిసార్లు ఎత్తుతాడో వినేవాళ్లు లెక్క పెట్టుకోండి, ఇది ఒకటి. నేను నయమానుతో మొదలుపెడతా. రెండో రాజుల గ్రంథం, అయిదో అధ్యాయం. సిరియా సేనాధిపతి, పెద్ద మనిషి, ఒంటి మీద కుష్ఠు. ఇంట్లో పని చేసే చిన్న పిల్ల, యుద్ధంలో చెరపట్టి తెచ్చిన పిల్ల, షోమ్రోనులో ప్రవక్త ఉన్నాడని చెప్పింది. ఈయనేం చేశాడు? రాజుగారితో ఉత్తరం రాయించుకున్నాడు. వెండి, బంగారం, పది జతల బట్టలు సర్దుకున్నాడు. గుర్రాలు, రథాలతో పోయి ఎలీషా గుమ్మం ముందు నిలబడ్డాడు.

డేవిడ్: సిఫార్సు లెటరుతో స్వస్థతకు పోయిన మొదటి మనిషి.

సునీత: ఎలీషా బయటికి కూడా రాలేదు. ఒక మనిషిని పంపి, పోయి యొర్దానులో ఏడుసార్లు మునగమన్నాడు. అంతే, ఈయనకు మండింది. 'తనే బయటికొచ్చి, నిలబడి, దేవుని పేరు ఎత్తి, చెయ్యి ఆడించి బాగు చేస్తాడనుకున్నానే' అంటాడు. చూడు, ఆయన మనసులో ముందే ఒక ప్రోగ్రాం ఉంది.

డేవిడ్: స్టేజీ, శాలువా, పెద్ద కుర్చీ...

సునీత: రెండు.

డేవిడ్: ఫ్లెక్సీ అనలేదు కదా!

సునీత: శాలువా దాని చుట్టమే. నాకు ఇష్టమైన చోటు ఇది కాదు, తర్వాతది. పనివాళ్లు దగ్గరికొచ్చి "నాయనా" అని పిలుస్తారు. కష్టమైన పని చెప్పుంటే చేసేవాడివి కదా, స్నానం చేయమంటే చేయలేవా అంటారు. మా గుంటూరు చుట్టాలు ఈ 'నాయనా'ని చిన్నపిల్లాణ్ణి బుజ్జగిస్తున్నట్టు చదువుతారు. మనవైపు నాయనంటే తండ్రి. హెబ్రీ మూలంలోనూ 'నా తండ్రీ' అనే ఉంది. ఆ మాట మనకు అర్థమైనట్టు వాళ్లకు కాదు.

డేవిడ్: నిజమే. మా ఇంట్లో నాయన ముందు ఆ మాట అంత మెత్తగా అనాలంటే ఎంత ధైర్యం కావాలో! కానీ అక్కా, నయమాను కోపం నాకు అర్థమవుతుంది. దమస్కులో అబానా, ఫర్పరు ఉండగా ఈ యొర్దాను ఏంది అన్నాడు. పెన్నా ఒడ్డున పుట్టినోణ్ణి తీసుకుపోయి మీ ఒంగోలు వైపు గుండ్లకమ్మలో మునగమంటే నేనూ అదే అంటా.

సునీత: ఏందీ? మళ్లీ చెప్పు.

డేవిడ్: పెన్నా అక్కా! కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు వస్తుంది. గండికోట దగ్గర కొండను కోసుకొని, సోమశిల దాటి, మా ఊరి పక్కన సముద్రంలో కలుస్తుంది. మీ ఏరు నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపేసరికే అలిసిపోతుంది.

సునీత: కంభం చెరువంటే ఊరకుంట అనుకున్నావా? విజయనగర రాజుల కాలం నాటి కట్ట అది. ఇంకా నీళ్లు నిలుపుతోంది. అయినా మా ఏటికి నీళ్లు ఎన్నని కాదు, ఆ నీళ్లలో ఏం జరిగిందో అడుగు. 1878 జూలై 3, మద్దిపాడు దగ్గర వెల్లంపల్లి. ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ పెన్నాలో ఎంతమంది?

డేవిడ్: అదీ మా లెక్కే.

సునీత: ఎట్టా?

డేవిడ్: 1878లో ఒంగోలు ఏ జిల్లా? నెల్లూరు జిల్లా. 1904లో గుంటూరు జిల్లా పెట్టినప్పుడే కదా మిమ్మల్ని అటు కలిపింది. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది. కాబట్టి 2,222 నెల్లూరు జిల్లా ఖాతాలోకే.

సునీత: ఇదిగో, ఇదే నయమాను! ఇక్కడే కూర్చున్నాడు, చూడండి.

డేవిడ్: ఆగక్కా, అయిపోలేదు. మీ ఒంగోలులో ప్రార్థన కొండ ఉందే, 1854 జనవరి 1 తెల్లారుజామున దాని మీద మోకరించింది ఎవరు? అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, వాళ్లతో ఉన్న క్రైస్తవ స్త్రీ జూలియా, ఇంకా వాళ్ల వాళ్లు. అందరూ నెల్లూరు నుంచి వచ్చినోళ్లే. ఆ బాప్తిస్మాల వెనకున్న మిషనరీ క్లౌ దొర కూడా 1865లో ముందు దిగింది నెల్లూరులోనే. అక్కడ తెలుగు నేర్చుకొని మీ దగ్గరికి వచ్చాడు.

సునీత: వచ్చాడు కదా? ఉండలేదు కదా మీ దగ్గర?

(నవ్వులు)

డేవిడ్: సరే, ఆ పాయింట్ మీదే. కానీ ఒకటి అడుగుతా, తిట్టొద్దు. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ పెద్ద కరువు, ధాత కరువు, అయిపోగానే ఆ 2,222 మంది. అన్నం కోసం చేరారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆఫీసులో నా మొహం మీదే అన్నారు.

సునీత: అంటారు. కరువు 1876 నుంచి 1878 దాకా. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే పని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊరికే గింజలు పంచలేదు, పని ఇచ్చి కూలి ఇచ్చాడు. ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వస్తారనే. అడిగినా ఇవ్వలేదు. ఆపినదంతా కలిసి జూలైలో ఏరై పారింది. ఆ రోజు ఏట్లో దిగి ముంచింది కూడా మన బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ.

డేవిడ్: వాళ్లెవరికీ ఫ్లెక్సీ లేదు.

సునీత: మూడు. కానీ ఇది ఒప్పుకుంటా.

డేవిడ్: థాంక్స్.

సునీత: నవ్వకుండా ఒక మాట చెప్తా. చేరేవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చదవడానికి చిన్నవిగా ఉంటాయి. వాళ్లు మాదిగపల్లె వాళ్లు. ఆదివారం పనికి రానంటే రైతు ఊరుకుంటాడా? జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? దేవుడి మాట వినడమంటే ఆ రోజుల్లో మునసబు మాట, కరణం మాట విననని చెప్పడం. మనం 'లోబడుట' అని సండే స్కూల్లో ఎంత మెత్తగా నేర్పిస్తాం! చేతులు కట్టుకో, తల వంచు, ఎదురు చెప్పకు అంటాం. వాళ్ల లోబడటంలో ఎంత ఎదురు చెప్పడం ఉందో ఎవరూ చెప్పరు.

(కాసేపు మౌనం)

డేవిడ్: మా తాత... ఇది ఇక్కడ చెప్పొచ్చో లేదో.

సునీత: చెప్పు.

డేవిడ్: పెద్ద వీధి దాటేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకొని దాటేవాడంట. నాయన చెప్పాడు. చర్చిలో మాత్రం ముందు వరుసలో కూర్చునేవాడు. చాపలే అప్పుడు, కుర్చీలు లేవు. ఎవరైనా పెద్ద మనిషి వస్తే వెనక్కి జరగమనేవాళ్లు. జరిగేవాడు కాదు. "బయట వంగింది చాల్లే" అనేవాడు. సంఘంలో ఆయనకు పొగరు అని పేరు. చనిపోయాక కూడా ఆ పేరు పోలేదు. నేను చిన్నప్పుడు నమ్మాను, మా తాతకు తగ్గింపు లేదని.

సునీత: ఇప్పుడు?

డేవిడ్: ఇప్పుడు ఆ ఫ్లెక్సీ చూసినప్పుడల్లా తాతే గుర్తొస్తాడు. అందుకే మండుతుంది. నువ్వు లెక్కపెట్టుకుంటూ ఉంటావు.

సునీత: ...ఈసారి లెక్కపెట్టను. క్లౌకి కూడా ఇలాంటిదే వచ్చింది. ఒంగోలులో ఆయన బడికి పై కులాల పిల్లలు వచ్చేవాళ్లు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లల్ని మాన్పిస్తాం అన్నారు. ఏం చేయాలో తెలియక ఆయనొక గదిలో బైబిలు తెరిస్తే కొరింథీ మొదటి పత్రిక మొదటి అధ్యాయం వచ్చింది, లోకంలో నీచులైన వారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే చోటు. భార్య ఇంకో గదిలో తెరిస్తే ఆమెకూ అదే చోటు. బడి ఖాళీ అయినా సరే అనుకున్నారు. తగ్గింపంటే నాకు అదీ. గొప్పవాళ్లు తన దగ్గరికి రావడం మానేసినా పర్లేదు అనుకోవడం.

డేవిడ్: మరి కావలి చెల్లెలు?

సునీత: అవును, పాపం! ఆ అమ్మాయిని మర్చిపోయాం. చెల్లీ, నయమాను కథలో కిందికి దిగాల్సింది నయమాను. ఆ పనిపిల్ల ఎప్పుడో కిందే ఉంది, ఆమె చేసింది నోరు తెరవడం. నువ్వు మూడేళ్లుగా తగ్గుతున్నది దేవుడి దగ్గరా, అత్తగారి దగ్గరా అన్నది నాకు తెలీదు. రెండూ ఒకటే అని ఎవరైనా చెప్పుంటే మాత్రం...

డేవిడ్: అత్తగారితో గొడవ పెట్టుకోమంటున్నావా? మనకు ఫోన్లొస్తాయి.

సునీత: అట్లా అన్నానా? ఫిలిప్పీ రెండు ఇంకా ముట్టుకోలేదు, నా రెండు పేజీలు అట్లే ఉన్నాయి. అక్కడ యేసుప్రభువు తన్ను తాను తగ్గించుకున్నాడని ఉంటుంది. తన్ను తాను! ఎవరో తగ్గించలేదు. అది...

(బయట హారన్)

డేవిడ్: ఏందక్కా అది?

సునీత: అయ్యో, ట్యాంకర్! నాలుగు రోజులకు వచ్చింది. ఒరే చిన్నోడా, బిందెలు బయట పెట్టరా!

డేవిడ్: పెన్నా పక్కన ఇల్లుంటే ఈ బాధ...

సునీత: నోర్ముయ్. ఆ మైకు పట్టుకో, క్యారియర్ మీంచి పడుతుంది. ఆగయ్యా, వస్తున్నా, మా వంతే!