పోలీసులకు ఫోన్ చేశాక ఏమవుతుంది? అమెరికా తుపాకీ వాదంలో అసలు చిక్కు

[స్క్రీన్ మీద: కొలరాడో మ్యాప్, 1999 జూన్]

కొలరాడోలో కాజిల్ రాక్ అని ఒక ఊరు. ఇంటి ముందు ఆడుకుంటున్న ముగ్గురు ఆడపిల్లల్ని తండ్రి తీసుకెళ్లిపోయాడు. అతను ఆ కుటుంబానికి దూరంగా ఉండాలని అప్పటికే కోర్టు ఆర్డర్ ఉంది. తల్లి పోలీసులకు ఫోన్ చేసింది. రాత్రి పది గంటల దాకా చూడమన్నారు. పదికి మళ్లీ చేస్తే అర్ధరాత్రి దాకా ఆగమన్నారు. చివరికి ఆమే స్టేషన్‌కు వెళ్లింది. ఫిర్యాదు రాసుకున్న ఆఫీసర్ భోజనానికి వెళ్లిపోయాడని ఆమె కోర్టుకు చెప్పింది.

తెల్లవారుజామున మూడు దాటాక తండ్రే స్టేషన్‌కు వచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. పోలీసుల ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. అతని ట్రక్కులో ముగ్గురు పిల్లల శవాలు దొరికాయి.

ఆ తల్లి కేసు వేసింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో తీర్పిచ్చింది: ఆ ఆర్డర్‌ను పోలీసులు అమలు చేసి తీరాలని కోరే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదు. అంతకుముందు 1981లో వాషింగ్టన్ డీసీ కోర్టు కూడా ఇలాంటి మాటే చెప్పింది. పోలీసుల బాధ్యత మొత్తం ప్రజల పట్ల, ఫలానా మనిషి పట్ల కాదట. కస్టడీలో ఉన్నవాళ్ల విషయం వేరు, అలాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అయినా వినగానే ఒళ్లు మండే మాటే ఇది.

[స్క్రీన్ మీద: యువాల్డీ, టెక్సస్, 2022 మే 24]

తుపాకీ హక్కు కోరేవాళ్లు ఈ తీర్పుల్నే ముందు పెడతారు. "కాపాడే పూచీ ప్రభుత్వానికి లేనప్పుడు నన్ను నేనే కాపాడుకోవాలి కదా?" యువాల్డీలో ఒక దుండగుడు తుపాకీతో స్కూల్లోకి చొరబడితే 376 మంది పోలీసులు వచ్చారు. దుండగుడున్న క్లాస్‌రూమ్‌లోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ తర్వాత "పోలీసుల్ని నమ్ముకోండి" అని ఎవరికి చెప్పగలం? ఇక్కడి దాకా వాళ్ల వాదన గట్టిదే.

కానీ కాజిల్ రాక్ కేసులో చాలామంది దాటేసే ముక్క ఒకటుంది. స్టేషన్ ముందు ఆ తండ్రి పేల్చిన పిస్టల్‌ను అతను అదే సాయంత్రం కొన్నాడు. కోర్టు ఆర్డర్ ఉన్న మనిషి చేతికి కొన్ని గంటల్లో తుపాకీ వచ్చేసింది. అంటే ఆ రాత్రి ప్రభుత్వం రెండుచోట్ల చేతులెత్తేసింది. ఒకదాని గురించే గొంతు చించుకుంటే ఎలా? గృహహింస ఆర్డర్ కింద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదనే చట్టాన్ని 2024లో సుప్రీంకోర్టు 8-1తో నిలబెట్టింది.

ఇంకో లెక్క చూడండి. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు 48,830. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. దొంగ కోసం కొన్న తుపాకీ ఇంట్లోవాళ్ల చేతికే అందుతోంది. అందుకే వ్యక్తిగత బాధ్యత అంటే నాకు గురి కన్నా ముందు తాళం గుర్తొస్తుంది.

[స్క్రీన్ మీద: ఆక్స్‌ఫర్డ్, మిషిగన్]

ఈ సంగతి కోర్టులు కూడా పట్టించుకుంటున్నాయి. 2021 నవంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 15 ఏళ్ల అబ్బాయి నలుగురు విద్యార్థుల్ని చంపాడు. నాలుగు రోజుల ముందే తండ్రి ఆ తుపాకీ కొన్నాడు. కాల్పులు జరిగిన రోజు పొద్దున, అబ్బాయి గీసిన బొమ్మ చూసి కంగారుపడి స్కూలువాళ్లు తల్లిదండ్రుల్ని పిలిపించారు. వాళ్లు పిల్లాణ్ని ఇంటికి తీసుకెళ్లలేదు, తుపాకీ ఊసెత్తలేదు. 2024లో ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల జైలు పడింది.

లైసెన్స్ ఉన్న డీలర్ పిస్టల్ అమ్మితే తాళం లాంటి భద్రతా పరికరం కూడా ఇవ్వాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. ఇంటికెళ్లాక దాన్ని వేసి తీరాలని మాత్రం చెప్పదు. ఆ పని రాష్ట్రాలకు వదిలేశారు. పిల్లలు మసలే ఇంట్లో తుపాకీని తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, లేదా గుళ్లు తీసి దానికి తాళం వేయాలి అనే రూలు మిషిగన్‌లో 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది, ఆక్స్‌ఫర్డ్ కాల్పులు జరిగిన రెండేళ్లకు పైగా తర్వాత.