టీ సెల్‌లో కాల్షియం సిగ్నల్: రిసెప్టర్ నుంచి గ్రాఫ్ దాకా

నమస్కారం అండీ. మైక్ వస్తోంది కదా... ఆ, వస్తోంది. వెనక గుర్‌ర్ అని వినిపించేది ఫ్యాన్. తిరుపతి ఎండల్లో అది ఆపి రికార్డ్ చేయడం నా వల్ల కాదు, సర్దుకోండి.

సరే, స్క్రీన్ మీద ఉన్నది టీ సెల్, రోగనిరోధక వ్యవస్థలోని ఒక తెల్ల రక్తకణం. ఇది పొర, ఇది బయట, ఇది లోపల, ఈ ముడతలుగా ఉన్నది ఈఆర్, అంటే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణం లోపలి కాల్షియం గోదాము. బొమ్మ ఇంక్‌స్కేప్‌లో వేశా, ఫ్రీ సాఫ్ట్‌వేర్. పవర్‌పాయింట్‌లో బాణాలు జరుపుతూ కూర్చోవడం కంటే నయం. కంట్రోల్ డి కొడితే కాపీ వచ్చేస్తుంది, చూడండి, ఛానెల్ ఒకటి గీసి మిగతావన్నీ అట్లా దించేశా.

పై భాగం గబగబా చెప్పేస్తా. టీ సెల్ రిసెప్టర్‌కి పెప్టైడ్ అనే ప్రోటీన్ ముక్క, దాన్ని ఇంకో కణం మీద పట్టుకుని చూపించే ఎంహెచ్‌సీ తగిలాయి. రిసెప్టర్ తోక మరీ పొట్టిది, అసలు పని పక్కనున్న సీడీ3 అనే ప్రోటీన్ల తోకలది. వాటికి ఎల్‌సీకే అనే ఎంజైమ్ ఫాస్ఫేట్ తగిలిస్తుంది, అక్కడికి జాప్-70 అనే ఇంకో ఎంజైమ్ వచ్చి అతుక్కుంటుంది, అది లాట్ అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, లాట్ దగ్గరికి పీఎల్‌సీ గామా 1 అనే ఎంజైమ్ చేరుతుంది, అది పొరలోని పిప్2 అనే కొవ్వు అణువుని కోస్తుంది. రెండు ముక్కలు: డాగ్, ఐపీ3. డాగ్ పొరలోనే ఉండిపోతుంది. ఐపీ3 లోపలికి పోయి, ఈఆర్ మీదున్న తన ఛానెల్‌ని తెరుస్తుంది. ఈఆర్‌లోని కాల్షియం సైటోప్లాజంలోకి వచ్చేస్తుంది. ఇదంతా ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, పాజ్ చేసి రాసుకోండి. ఇందులో సాయపడే ఇంకో రెండు ప్రోటీన్లు, ఐటీకే, ఎస్‌ఎల్‌పీ-76, మూలన చిన్నగా రాశా.

ఇక్కడ ఆగాలి. ఇదిగో, ఈ ఎర్ర బాణం. నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదొక్కటే. ఈఆర్‌లో ఉన్నది కొంచెం కాల్షియం, కాసేపట్లో అయిపోతుంది. కానీ టీ సెల్‌కి గంటల తరబడి కావాలి. ఎక్కడి నుంచి? బయటి నుంచి. బయట 1 నుంచి 2 మిల్లీమోలార్, లోపల మామూలుగా ఉండేది 100 నానోమోలార్ దగ్గర. పది వేల రెట్లకు పైగా తేడా. తలుపు తీస్తే చాలు, అదే వచ్చి పడుతుంది. మరి తలుపు తీయమని చెప్పేదెవరు? చాలామంది ఐపీ3 అంటారు. కాదు. ఈఆర్ ఖాళీ అవడమే ఆ కబురు.

మన ఇళ్ల మీద వాటర్ ట్యాంక్‌లో ఫ్లోట్ ఉంటుంది చూడండి, నీళ్లు తగ్గగానే మోటర్ ఆన్ అవుతుంది. ట్యాంక్‌ని ఎవరు ఖాళీ చేశారన్నది ఫ్లోట్‌కి అనవసరం. ఈఆర్‌లో ఆ ఫ్లోట్ పేరు స్టిమ్1. దాని ఒక కొస ఈఆర్ లోపల కాల్షియంని పట్టుకుని ఉంటుంది. కాల్షియం జారిపోగానే స్టిమ్1లు గుంపుకట్టి పొర దగ్గరికి జరిగి, ఒరాయ్1 అనే ఛానెల్‌ని తెరుస్తాయి. ఖాళీ అవడమే సిగ్నల్ అని జేమ్స్ పట్నీ అనే శాస్త్రవేత్త 1986లోనే అన్నాడు. స్టిమ్ దొరికింది 2005లో, ఒరాయ్ 2006లో. ఒరాయ్1లో ఒక్క అమైనో ఆమ్లం మారి ఛానెల్ పనిచేయని పిల్లలకు పుట్టుకతోనే తీవ్రమైన రోగనిరోధక లోపం.

నమ్మకం లేదా? గ్రాఫ్ చూపిస్తా. ఫిజీ తెరిచా, మైక్రోస్కోప్ బొమ్మల్ని కొలిచే ఫ్రీ సాఫ్ట్‌వేర్. జర్కాట్ కణాలు, అంటే ల్యాబ్‌లో పెంచే టీ సెల్స్; వాటిలో ఫ్లూవో-4, కాల్షియం తగిలితే మెరిసే డై. కణం చుట్టూ గీత గీసి కీబోర్డ్‌లో టీ నొక్కండి, ఆర్ఓఐ మేనేజర్‌లోకి, అంటే గీసిన భాగాల జాబితాలోకి, వెళ్లిపోతుంది. మెనూల్లో వెతకొద్దు, టీ చాలు. తర్వాత మల్టీ మెజర్, అది ప్రతి ఫ్రేమ్‌లో మెరుపు కొలిచి పెడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, మొదటి విలువతో భాగించండి. ఫ్యూరా-2 అనే ఇంకో డై అయితే 340, 380 నానోమీటర్ల కాంతితో వచ్చే మెరుపుల నిష్పత్తి తీసుకోవచ్చు, డై ఎక్కువ తక్కువలు పట్టించుకోవక్కర్లేదు. నా ఓటు దానికే, కానీ దానికి తగ్గ లైట్ అన్ని మైక్రోస్కోపులకూ ఉండదు.

ఇప్పుడు గీత చూడండి. ఇక్కడ బయట కాల్షియం లేదు, మిగిలినదాన్ని పట్టేసే ఈజీటీఏ ఉంది. థాప్సిగార్జిన్ వేశాం. అది ఈఆర్‌లోకి కాల్షియం ఎత్తిపోసే పంపుని ఆపేస్తుంది, ఈఆర్ తనంతట తానే కారిపోతుంది. చిన్న గుట్ట వచ్చి దిగింది, అదీ ఈఆర్‌ది. రిసెప్టర్‌ని ముట్టుకోలేదు, ఐపీ3 ఊసే లేదు. ఇక్కడ బయట 2 మిల్లీమోలార్ కాల్షియం కలిపాం... చూశారా, ఎట్లా లేచిందో! పైకి పోయి అక్కడే నిలబడింది. అది ఒరాయ్.

ఆ నిలబడ్డ భాగమే కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ని పనిలో ఉంచుతుంది. అది ఎన్‌ఫాట్ అనే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ పీకేస్తే, ఎన్‌ఫాట్ కేంద్రకంలోకి వెళ్లి టీ సెల్స్‌ని పెరగమని చెప్పే ఐఎల్-2 జీన్‌ని ఆన్ చేస్తుంది. కాల్షియం పడిపోతే ఎన్‌ఫాట్ మళ్లీ బయటికొచ్చేస్తుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వేసుకునే టాక్రోలిమస్ అడ్డుకునేది ఈ కాల్సిన్యూరిన్‌నే. ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రి బయట మందుల షాపుల్లో ఆ పేరు వినే ఉంటారు.

యాంటీబాడీలు తయారుచేసే బీ సెల్ కావాలంటే ఇదే బొమ్మ, పైన మార్చండి చాలు: జాప్-70 చోట సిక్ అనే ఎంజైమ్, గామా 1 చోట గామా 2. స్టిమ్ నుంచి కిందికి ఏమీ ముట్టుకోవద్దు, అందుకే ఆ లేయర్ లాక్ చేసేస్తున్నా.