పాత బ్యాండ్ సా మిషన్‌ని మళ్ళీ తిప్పడం ఎలా? మొదటిసారి చేసేవాళ్ళకి

[షాట్: విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. మూలన తుప్పు పట్టిన బ్యాండ్ సా.]

నమస్తే అండి. ఈ మిషన్ చూసినవాళ్ళంతా ముందు అడిగేది ఏ రంగు వేస్తారని. రంగు ఆఖరి పని. అసలు వెయ్యకపోయినా కొంపలేం మునిగిపోవు. ముందు ఇది చెక్క కోస్తుందా లేదా చూద్దాం.

బ్యాండ్ సా అంటే పైన ఒకటి, కింద ఒకటి ఉన్న రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం. ఇది 18 అంగుళాల చక్రాల మిషన్. లారీ బాడీలు కట్టే షెడ్లలో, సామిల్లుల్లో వంపు ముక్కలు కోయడానికి ఇలాంటివే వాడేవారు. చెక్క చదును చేసే పాత ప్లానర్ కూడా చవగ్గా దొరుకుతుంది కదా అంటారు. మొదటి మిషన్‌గా ప్లానర్ వద్దనే నేను చెబుతాను. అది చెక్కని వెనక్కి విసిరికొడుతుంది. బ్యాండ్ సాలో బ్లేడు చెక్కని కిందికి, టేబుల్ మీదికి నొక్కుతుంది కాబట్టి ఆ భయం బాగా తక్కువ. వేలు తెగే భయం మాత్రం ఏ మిషన్‌కైనా ఒకటేననుకోండి.

[క్లోజప్: చిన్న సుత్తితో ఫ్రేము మీద తట్టడం. ఖంగుమన్న శబ్దం.]

కొనేముందు ఇలా తట్టి వినండి. పోత ఇనుము బాగుంటే ఖంగుమంటుంది. పగులుంటే మొద్దుగా పలుకుతుంది. టేబుల్ కింద, పై చక్రం పట్టుకునే చోట టార్చి వేసి వెతకండి. అక్కడ పగులు కనబడితే బేరమే ఆడొద్దు. పోత ఇనుముని వెల్డింగ్ చేయొచ్చు, కానీ ముక్కని వేడి చేసి, నికెల్ రాడ్డుతో చేసి, నిదానంగా చల్లార్చాలి. నేర్చుకునేవాళ్ళ పని కాదది. తుప్పుకి మాత్రం భయపడక్కర్లేదు.

అమ్మే ఆయన "స్విచ్ వేసి చూపిస్తా సార్" అంటాడు. వద్దనండి. ఏళ్ళ తరబడి ఆగిపోయిన మిషన్‌లో బ్లేడు ఎలా ఉందో, చక్రాల అంచున ఉండే రబ్బరు ఎలా ఉందో ఎవరికి తెలుసు? బ్లేడు తీయించి, చక్రాలు చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగులు పోయినట్టు. అదేం పెద్ద ఖర్చు కాదు. చక్రం అటూ ఇటూ ఊగుతూ తిరిగితే మాత్రం షాఫ్టు వంగిందేమో చూడాలి.

[షాట్: విప్పిన భాగాలు. ప్రతిదానికీ చీటీ.]

విప్పే ముందు ఫోటోలు తీయండి, పట్టేసిన బోల్టులకి రాత్రే నూనె వేసి ఉంచండి. ఇక్కడ ఇంకేం లేదు.

[క్లోజప్: బేరింగ్ అంచు మీద 6205 అనే అంకె.]

ఇది బాగా చూడండి. 6205. చివరి రెండంకెలు 05, దాన్ని 5తో గుణిస్తే 25. అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది. ఈ నంబరు చెబితే ఆటోనగర్‌లో ఏ బేరింగుల షాపులోనైనా ఇచ్చేస్తారు. వెనక అక్షరాలు కూడా చెప్పండి. జడ్‌జడ్ అంటే రేకు మూత, టూ ఆర్ఎస్ అంటే రబ్బరు సీలు. రంపప్పొట్టు మధ్య తిరగాలి కాబట్టి రబ్బరు సీలుదే అడగండి. షాఫ్టుకి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద ఆనే పైపు ముక్క పెట్టి కొట్టాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్లకి తగిలి, కొత్త బేరింగ్ ఆ రోజే పోతుంది.

[షాట్: ప్లాస్టిక్ టబ్బులో మునిగిన చిన్న భాగాలు.]

చిన్న భాగాల తుప్పుకి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్ళకి 50 నుంచి 100 గ్రాములు కలిపి రాత్రంతా నానబెట్టండి. చింతపండుతో ఇత్తడి బిందె తోమినట్టే ఇదీను. స్ప్రింగులు, బేరింగులు అందులో వేయకండి. తీశాక చాకలి సోడా నీళ్ళలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. మన కృష్ణా ఒడ్డు తేమలో కాసేపు వదిలేస్తే మళ్ళీ ఎర్రబడుతుంది. టేబుల్ మీద కిరోసిన్ వేసి, చెక్కముక్కకి ఎమరీ పేపరు చుట్టి రుద్దండి. గ్రైండర్ పెడితే గుంటలు పడతాయి.

పాత రంగు గీకాలంటే తడిపి గీకండి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదన్న నిబంధనే మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు మిషన్లకి వేసిన రంగులో సీసం ఉందనే అనుకోవాలి. పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

[క్లోజప్: చక్రం అంచున కొత్త రబ్బరు.]

డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. చక్రం మీద రబ్బరు మధ్యలో కాస్త ఉబ్బుగా ఉండాలి. ఆ ఉబ్బే బ్లేడుని మధ్యలో నిలబెడుతుంది. సైకిల్ ట్యూబు కోసి తొడిగేవాళ్ళూ ఉన్నారు. నాకది నచ్చదు. అతుకు దగ్గర మందం మారి, చక్రం తిరిగిన ప్రతిసారీ బ్లేడు ఎగురుతుంది.

మోటారు పాతది త్రీ ఫేజ్ అయితే, ఇంట్లో వాడేవాళ్ళు సింగిల్ ఫేజ్ 2 హెచ్‌పీ, 1440 ఆర్పీఎంది పెట్టుకుంటే తేలిక. ఇప్పుడు పుల్లీ లెక్క. 18 అంగుళాల చక్రం ఒక చుట్టుకి 4.7 అడుగులు. బ్లేడు నిమిషానికి 3000 అడుగులు పోవాలంటే చక్రం సుమారు 640 సార్లు తిరగాలి. మోటారుకి 4 అంగుళాలు, చక్రానికి 9 అంగుళాల పుల్లీ వేస్తే సరిగ్గా 640 వస్తుంది. స్టార్టర్ మాత్రం నో వోల్ట్ కాయిల్ ఉన్నదే తీసుకోండి. కరెంటు పోయి వచ్చినప్పుడు, మీరు బ్లేడు దగ్గర చెయ్యి పెట్టి ఉండగా మిషన్ దానంతటదే లేవకూడదు. ఎర్తింగ్, వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. అక్కడ పొదుపు వద్దు.

బ్లేడు బిగించడానికి పై చక్రం పైకీ కిందికీ జరుగుతుంది. బ్లేడు కొలత కోసం దాన్ని ఆ కదలికలో సగానికి పెట్టి, రెండు ఇరుసుల మధ్య దూరం కొలవండి. దాన్ని రెట్టింపు చేసి, ఒక చక్రం చుట్టుకొలత కలపండి. దీనికి 40 అంగుళాలు వచ్చింది, కాబట్టి 80కి 56.5 కలిపితే 136.5 అంగుళాలు. బ్లేడు వెల్డింగ్ చేసే షాపులో ఆ కొలతకి అతికి ఇస్తారు.

[షాట్: ప్లగ్ తీసిన వైరు. చేత్తో చక్రం తిప్పడం.]

ప్లగ్ తీసే ఉంచండి. బ్లేడు పళ్ళు టేబుల్ వైపు కిందికి చూస్తున్నాయా? చాలా "మిషన్ కోయట్లేదు" కంప్లయింట్లు అక్కడే తేలిపోతాయి. చక్రం చేత్తో తిప్పుతూ, బ్లేడు మధ్యలో నిలిచేదాకా పై చక్రం వాలు సరిచేయండి. తర్వాత బ్లేడు పక్కకి పోకుండా ఆపే పక్క గైడులకి, బ్లేడుకి మధ్య ఒక కాగితం దూరేంత సందు చాలు. గైడులు పళ్ళకి మాత్రం తగలకూడదు. బ్లేడు వెనక ఉన్న బేరింగ్ ఊరికే తిరగకూడదు, చెక్క తోసినప్పుడే తిరగాలి.

మూతలన్నీ బిగించాకే స్విచ్ వేయండి. మొదటి కోతకి తెల్లపొణికి ముక్క తీసుకోండి, మన కొండపల్లి బొమ్మల చెక్కే, వెన్నలా తెగుతుంది. తర్వాత గట్టి చెక్క పెట్టండి. కోత ఒకే పక్కకి లాగుతుంటే మిషన్‌ని తిట్టేముందు బ్లేడు మార్చి చూడండి. ఒక పక్క పళ్ళు మొద్దుబారినా అలాగే లాగుతుంది.

పనైపోయాక బ్లేడు బిగువు లూజు చేసి వదలండి. స్టార్టర్‌కి "బ్లేడు లూజు" అని ఒక చీటీ కట్టండి, పొద్దున వచ్చినవాళ్ళు చూసుకోకుండా స్విచ్ వేసేస్తారు.