కిడ్నీ కణానికి ఇంధనం అందకపోతే

హోస్ట్: నమస్కారం, అనంతపురం నుంచి మాట్లాడుతున్నాం. మేడమ్, కిడ్నీ అంటే రక్తాన్ని వడగట్టే జల్లెడ అనే కదా అందరం అనుకునేది?

డాక్టర్: వడగట్టడం సగం పనే తమ్ముడూ. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వడపోతలో దిగుతుంది. మూత్రంగా బయటికి పోయేది లీటరున్నరో, రెండు లీటర్లో. మిగతాదంతా ఉప్పుతో, చక్కెరతో సహా ట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలు రక్తంలోకి వెనక్కి లాగాలి. ఆ లాగుడుకు ఏటీపీ కావాలి, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి. అందుకే ఆ గొట్టాల కణాల నిండా ఏటీపీని తయారుచేసే మైటోకాండ్రియాలే.

హోస్ట్: ఏటీపీ చక్కెర నుంచే వస్తుందా?

డాక్టర్: అక్కడే ఉంది తిరకాసు. ట్యూబ్యూల్ మొదటి భాగం చక్కెరను రక్తానికి తిరిగి అప్పజెబుతుందే గానీ, తను పెద్దగా వాడుకోదు. దాని ముఖ్య ఇంధనం కొవ్వు. కొవ్వు కాలాలంటే ఆక్సిజన్ ఉండి తీరాలి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో కొవ్వును కాల్చే ఎంజైములు తగ్గిపోతాయి. ఏటీపీ చాలదు, కాలని కొవ్వు కణంలోనే పేరుకుంటుంది. కణం దెబ్బతిని చుట్టూ మచ్చ కడుతుంది, అదే ఫైబ్రోసిస్. మచ్చ పెరిగేకొద్దీ ఆక్సిజన్ అందడం ఇంకా కష్టమవుతుంది. 2015లో నేచర్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో, కొవ్వు కాల్చే శక్తిని తిరిగి పెంచితే ఎలుకల్లో ఫైబ్రోసిస్ తగ్గింది. నాకు ఆశ కలిగించిన ఫలితం అది.

హోస్ట్: మన ఎండల సంగతేంటి మేడమ్?

డాక్టర్: నా బాధంతా అదే. మే నెలలో ఉపాధి పనికి పోయి మట్టి తవ్వినామె కొంగుముడి విప్పితే నొప్పి మాత్రల షీటు ఉంటుంది, సగం ఖాళీ. ఒళ్లు ఎండిపోయినప్పుడు కిడ్నీకి రక్తం తగ్గకుండా కాపాడేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. డైక్లోఫెనాక్ లాంటి మాత్ర వాటినే ఆపేస్తుంది. కిడ్నీ లోపలి పొరల్లో మామూలుగానే ఆక్సిజన్ తక్కువ. రక్తం కూడా తగ్గితే ఆ కణాలు ఏం పెట్టి పనిచేస్తాయి? నీళ్లు తాగకుండా ఆ మాత్ర వేసుకోవద్దమ్మా అని ప్రతి ఒక్కరికీ చెప్తుంటాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లయితే అసలే వద్దు.

హోస్ట్: కొత్త మందులేమైనా?

డాక్టర్: డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు ఉంది. ట్యూబ్యూల్ చక్కెరను, ఉప్పును లాగే పనిని కొంత తగ్గిస్తుంది. 2020 నాటి డాపా-సీకేడీ అనే మందు పరీక్షలో షుగర్ లేని కిడ్నీ రోగులకూ మేలు కనిపించింది. ఆ భారం తగ్గడం కూడా ఒక కారణమని అనుకుంటున్నారు. సొంతంగా మాత్రం కొనేసుకోవద్దు.

హోస్ట్: బీపీ, షుగర్ ఉన్నవాళ్లు రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతుందో చూపించుకుంటే చాలా?

డాక్టర్: చాలదు. కిడ్నీ పని సగం దెబ్బతిన్నా ఒక్కోసారి అది నార్మల్‌గానే కనిపిస్తుంది. ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష కూడా చేయించండి.